ఎర్రగీత చూడని టెస్టును నమ్మొద్దు

సంపాదకుల గారికి నమస్కారం.

మన దగ్గర ఇంజినీరింగ్ పిల్లలు వెబ్ డెవలప్‌మెంట్ మొదలుపెడితే హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, డేటాబేస్ అని వరసగా నేర్పుతారు. రాసిన కోడ్ సరిగ్గా నడుస్తోందా లేదా అన్నది మళ్లీ కోడ్‌తోనే ఎలా తనిఖీ చేయించాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ చెప్పరు. టెస్టింగ్ అంటే అదొక వేరే ఉద్యోగమని, కోడింగ్ అబ్బనివాళ్లు అమీర్‌పేటకు పోయి నేర్చుకునే కోర్సని వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. దీనివల్ల పిల్లలకు నష్టం జరుగుతోంది. ఆటోమేటెడ్ టెస్టు రాయడం కోర్సు చివర్లో నేర్చుకునే పని కాదు. మొదటి ఫంక్షన్ రాసిన రోజే దాని పక్కన మొదటి టెస్టు ఉండాలి. ఎందుకో, ఎలాగో కొంచెం వివరంగా రాస్తున్నాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే పత్తినే ఉదాహరణగా తీసుకుందాం. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి ధర ఇస్తారు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత పడుతుంది. 12 శాతం దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనదు. ఈ లెక్కను వెబ్ పేజీలో పెట్టమంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా పది నిమిషాల్లో రాసేస్తారు: తేమ 12 కంటే ఎక్కువైతే తిరస్కరించు, 8 కంటే ఎక్కువైతే కోత పెట్టు, ఈ రెండూ కాకపోతే పూర్తి ధర చూపించు. బ్రౌజర్ తెరిచి 10 అని కొడతారు. 7,947 రూపాయల 80 పైసలు వస్తుంది. లెక్క సరిపోయింది కదా అని తర్వాతి పేజీకి పోతారు.

ఇప్పుడు అదే పెట్టెను ఖాళీగా వదిలి బటన్ నొక్కండి. ఫారం నుంచి వచ్చేది ఎప్పుడూ అక్షరాల రూపంలోనే వస్తుంది. దాన్ని అంకెగా మార్చడానికి పిల్లలు వాడే నంబర్ అనే ఫంక్షన్ ఖాళీని సున్నాగా మారుస్తుంది. సున్నా ఎనిమిది కంటే తక్కువే కాబట్టి పూర్తి ధర వస్తుంది. తేమ కొలవకుండానే 8,110 రూపాయలు! ఇంకో తప్పు దీనికంటే ప్రమాదకరం. మామూలు టెక్స్ట్ పెట్టెలో ఎవరైనా 14 కొట్టి పక్కన శాతం గుర్తు కూడా పెడితే నంబర్ ఫంక్షన్ దాన్ని అంకెగా గుర్తించదు, ‘అంకె కాదు’ అని అర్థమిచ్చే ఎన్‌ఏఎన్ అనే విలువ ఇస్తుంది. ఎన్‌ఏఎన్ ఏ అంకె కంటే ఎక్కువా, తక్కువా అని అడిగినా జవాబు ‘కాదు’ అనే వస్తుంది. పన్నెండు కంటే ఎక్కువా? కాదు. ఎనిమిది కంటే ఎక్కువా? కాదు. అయితే పూర్తి ధర ఇచ్చేయ్! కొనకూడని పత్తికి పూర్తి ధర చూపించాక కూడా తెర మీద ఎక్కడా ఎర్రర్ కనిపించదు. తెలుగు అంకెల్లో ౧౪ అని కొట్టినా ఇదే జరుగుతుంది. 2025 సీజన్ నుంచి పత్తి రైతు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుని పత్తి తీసుకుపోవాల్సి వస్తోంది. ఫోన్‌లోని ఒక పేజీ తప్పు చూపిస్తే ట్రాక్టరు కిరాయి పెట్టి వచ్చిన మనిషి యార్డు గేటు దగ్గర నిలబడిపోతాడు. మన పిల్లలు రేపు రాయబోయే కోడ్ ఇలాంటి పనుల కోసమే.

కాబట్టి కోడ్ కంటే ముందు ఒక తెల్లకాగితం తీసుకోవాలి. ఎడమవైపు తేమ, కుడివైపు రావాల్సిన ధర. 7.9 శాతానికి 8,110. సరిగ్గా 8కి 8,110. 9కి 8,028 రూపాయల 90 పైసలు. సరిగ్గా 12కి 7,785 రూపాయల 60 పైసలు. 12.1కి ‘కొనుగోలు లేదు’. ఆ తర్వాత ఖాళీ పెట్టె, మైనస్ 3, వంద దాటిన అంకె, శాతం గుర్తుతో 14, తెలుగు అంకెలు. వీటన్నింటికీ ‘తేమ సరిగా రాయండి’ అనే జవాబే రావాలి. తప్పులు ఎక్కువగా దొరికేది హద్దుల దగ్గరే. అందుకే మధ్యలోని 10తో ఎన్నిసార్లు చూసినా పెద్దగా ఏమీ తెలియదు, 8కి అటూ ఇటూ, 12కి అటూ ఇటూ చూస్తేనే తెలుస్తుంది. కుడివైపు అంకెలను చేత్తో లెక్కగట్టాలి. కోడ్‌లో ఉన్న సూత్రాన్నే టెస్టులోకి కాపీ చేస్తే సూత్రం తప్పైనప్పుడు రెండూ కలిసే తప్పుతాయి, టెస్టు మాత్రం పచ్చగానే, అంటే పాసైనట్టే, ఉంటుంది.

కాగితం మీద రాస్తుంటేనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. తేమ 8.4 ఉంటే ఎంత కోయాలి? దామాషాగా 0.4 శాతమా, లేక పై అంకెకు లెక్కగట్టి ఒక శాతమా? ఇది కోడ్ రాసేవాళ్లు ఊహించుకోవాల్సిన విషయం కాదు, నియమం తెలిసినవాళ్లను అడిగి రాసుకోవాలి. టెస్టు రాసే అలవాటు ఇలాంటి ప్రశ్నలను మొదటి రోజే బయటికి లాగుతుంది. నా దృష్టిలో బగ్గులు పట్టుకోవడం కంటే ఇదే పెద్ద లాభం.

పనిముట్ల గురించి. నేర్చుకునేవాళ్లు మొదట్లోనే టెస్టులు నడిపే జెస్ట్, వీటెస్ట్ అని ప్యాకేజీల వెంట పడాల్సిన అవసరం లేదు. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్‌లో, 20వ వెర్షన్ నుంచి, టెస్టులు నడిపే వ్యవస్థ దాంట్లోనే స్థిరంగా ఉంది. అదనంగా ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ధర లెక్కగట్టే ఫంక్షన్‌ను పేజీలోని బటన్ కోడ్ నుంచి విడదీసి వేరే ఫైల్లో పెట్టాలి. దాని పక్కనే ‘ధర డాట్ టెస్ట్ డాట్ జేఎస్’ అన్న తీరులో ఇంకో ఫైలు. టెర్మినల్‌లో నోడ్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి టెస్ట్ అంటే అలాంటి పేరున్న ఫైళ్లన్నీ అదే వెతికి నడుపుతుంది. ఇంపోర్ట్ వాక్యం దగ్గరే ఎర్రర్ వస్తే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో టైప్ అన్నచోట మాడ్యూల్ అని పెట్టారో లేదో చూడాలి. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. పోల్చి చూడటానికి అసర్ట్ వాడేటప్పుడు దాని స్ట్రిక్ట్ రూపాన్నే తెచ్చుకోవాలి. మామూలు అసర్ట్‌లోని ఈక్వల్ అక్షరాల రూపంలో ఉన్న 12ను, అంకె 12ను ఒకటే అనుకుని వదిలేస్తుంది. మన బగ్గు పుట్టిందే ఆ తేడా దగ్గర. టెస్టు పేరు పూర్తి వాక్యంగా ఉండాలి. ‘తేమ 12.1 ఉంటే కొనుగోలు లేదు’ అని తెలుగులోనే పెట్టుకోవచ్చు, నోడ్ అభ్యంతరం చెప్పదు. ‘టెస్ట్ 1’, ‘టెస్ట్ 2’ అని పెడితే ఆర్నెల్ల తర్వాత అది ఎందుకు విరిగిందో రాసినవాళ్లకే తెలియదు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన అలవాటు. ఫంక్షన్‌లో ఇంకా ఏమీ రాయకుండా సున్నా తిప్పి పంపేలా పెట్టి టెస్టు నడపాలి. అది ఎర్రగా రావాలి, అంటే ఫెయిల్ కావాలి. రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అని తెర మీద రెండు వరసలు కనిపిస్తాయి. వాటిని కళ్లారా చదవాలి. తర్వాతే అసలు కోడ్ రాసి పచ్చగా మార్చాలి. ఒక్కసారి కూడా ఎర్రబడని టెస్టు అసలు ఏదైనా తనిఖీ చేస్తోందో లేదో ఎవరూ చెప్పలేరు. జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే అవెయిట్ అన్న మాట మర్చిపోతే డేటాబేస్ జవాబు రాకముందే టెస్టు ముగిసిపోయి పచ్చగా కనిపిస్తుంది. ఫైలు పేరు తప్పు పెడితే టెస్టు అసలు నడవనే నడవదు. నడిచినవి ఎన్నో చూడనివాళ్లకు అదీ పచ్చగానే అనిపిస్తుంది. జెస్ట్, వీటెస్ట్ లాంటివాటిలో పది టెస్టులుంటే ఒకదాని మీదే పనిచేస్తూ ‘ఓన్లీ’ అని పెట్టి తీయడం మర్చిపోతే మిగతా తొమ్మిదీ నడవకుండా ఉండిపోతాయి. ముందు ఎరుపు చూసే అలవాటు ఉంటే ఈ తప్పులు చాలావరకు అక్కడికక్కడే దొరికిపోతాయి.

పచ్చబడ్డాక ఇంకో పని ఉంది. కావాలనే కోడ్‌ను చెడగొట్టాలి. ‘12 కంటే ఎక్కువ’ అన్నదాన్ని ‘12 లేదా అంతకంటే ఎక్కువ’ అని మార్చి మళ్లీ నడపండి. సరిగ్గా 12 ఉన్న టెస్టు ఎర్రబడితే మీ టెస్టులు కాపలా కాస్తున్నట్టు. ఏదీ ఎర్రబడకపోతే ఆ హద్దు దగ్గర ఎవరూ లేరని అర్థం. వెంటనే టెస్టు చేర్చి, కోడ్‌ను మళ్లీ సరిచేయాలి. కవరేజీ నూటికి నూరు వచ్చిందని చూపించే నివేదిక ఈ పని చేయలేదు. ఆ వరస నడిచిందని మాత్రమే అది చెబుతుంది, దాని ఫలితాన్ని ఎవరైనా సరిచూశారో లేదో చెప్పదు.

డబ్బు లెక్కలో ఒక చిక్కు ఉంది. 8.4 నుంచి 8 తీసేయమంటే జావాస్క్రిప్ట్ 0.40000000000000036 అంటుంది. కంప్యూటర్ దశాంశాలను రెండు ఆధారంగా దాచుకోవడం వల్ల వచ్చే తేడా ఇది. టెస్టు ఎర్రబడగానే చాలామంది ‘దాదాపు సమానం’ అనే పోలికతో సర్దేస్తారు. డబ్బు విషయంలో అది మంచి అలవాటు కాదు. ధరను పైసల్లో, అంటే 8,11,000 గా పెట్టుకుని, తేమను పదో వంతుల్లో 84 గా పెట్టుకుంటే, దామాషాగా కోసే లెక్కలో పదో వంతుకు 811 పైసల కోత పడుతుంది. నాలుగు పదో వంతులకు 3,244 పైసలు. అన్నీ పూర్ణాంకాలే, ఎక్కడా దశాంశం రాదు. రూపాయల్లోకి మార్చడం తెర మీద చూపించేటప్పుడు చేస్తే చాలు.

తేదీలది ఇంకో రకం తంటా. మన సమయం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. జావాస్క్రిప్ట్‌లో తేదీని ఐఎస్ఓ రూపంలోకి మార్చే ఫంక్షన్ యూటీసీ లెక్కనే ఇస్తుంది. జనవరి 15 రాత్రి ఒంటిగంటకు వరంగల్‌లో ఎవరైనా స్లాట్ బుక్ చేస్తే అది జనవరి 14 అని చూపిస్తుంది. పగలు పచ్చగా ఉన్న టెస్టు అర్ధరాత్రి నుంచి ఉదయం అయిదున్నర దాకా మాత్రమే విరుగుతుంటే కారణం ఇదే. మందు ఏమిటంటే, ఫంక్షన్ తనంతట తాను గడియారం చూడకూడదు. ‘ఇప్పుడు ఎంతైంది’ అన్నది బయటి నుంచి ఇవ్వాలి. అప్పుడు టెస్టులో మనకు కావాల్సిన సమయం, అంటే రాత్రి 12:01, నెలాఖరు, ఫిబ్రవరి 29, ఏదైనా పెట్టి చూడొచ్చు.

తెలుగువాళ్ల కోసం రాసే పేజీల్లో పేర్లకు టెస్టులు తప్పనిసరిగా ఉండాలి. ఇంగ్లిష్ పాఠాల నుంచి ఎత్తుకొచ్చిన తనిఖీ ఏ నుంచి జెడ్ దాకా ఉన్న అక్షరాలనే ఒప్పుకుంటుంది, తెలుగులో పేరు రాస్తే ‘చెల్లదు’ అంటుంది. దాన్ని సరిచేద్దామని యూనికోడ్‌లో అక్షరాల వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే ‘రాములు’ అప్పటికీ చెల్లదు. ఎందుకంటే దీర్ఘం, కొమ్ములు అక్షరాల వర్గంలో ఉండవు, గుర్తుల వర్గంలో ఉంటాయి. రెండూ చేర్చాలి. ‘రాజ్‌కుమార్’ అన్న పేరులో జ్ తర్వాత కంటికి కనిపించని జోడింపు నిరోధకం ఒకటి ఉంటుంది, అది ఈ రెండు వర్గాల్లోనూ లేదు. పొడవు హద్దులదీ ఇదే తీరు. ‘స్రవంతి’ మనకు మూడక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో ఏడు. ఈ మూడు పేర్లూ టెస్టు ఫైల్లో ఉంటే చాలా తప్పులు అక్కడే ఆగిపోతాయి.

డేటాబేస్‌తో కలిపి నడిపే టెస్టులకు వేరే డేటాబేస్ ఉండాలి. ప్రతి టెస్టు తనకు కావాల్సిన రైతును, లాటును, తక్‌పట్టీని (అమ్మకం రసీదును) తనే సృష్టించుకోవాలి. ఒక టెస్టు మిగిల్చిన డేటా మీద ఇంకోటి ఆధారపడితే వరస మారిన రోజు రెండూ విరుగుతాయి. పైథాన్‌లో జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు ఇందులో చాలా పని తప్పుతుంది. అది టెస్టులకు విడిగా డేటాబేస్ తయారుచేసి, దాని టెస్ట్‌కేస్ తరగతితో రాసిన ప్రతి టెస్టు తర్వాత మార్పులను వెనక్కి తీసేస్తుంది. మిగతాచోట్ల మనమే రాసుకోవాలి, పైగా డేటాబేస్ పేరులో టెస్ట్ అన్న మాట లేకపోతే మొదట్లోనే ఆగిపోయేలా ఒక షరతు పెట్టుకోవాలి. నిజమైన డేటాబేస్ మీద ‘అన్నీ తుడిచెయ్’ అన్న వరస నడవకుండా కాపాడేది అదే. ఎస్ఎంఎస్‌లు, పేమెంట్ల లాంటి బయటి సేవలకు నకిలీలు పెట్టడం మంచిదే. మన సొంత ధర ఫంక్షన్‌కే నకిలీ పెడితే మాత్రం మనం పరీక్షించేది ఆ నకిలీనే.

బ్రౌజర్‌ను నడిపించే టెస్టులు, అంటే ప్లేరైట్, సైప్రెస్, సెలీనియం లాంటివి, తక్కువగా ఉండాలి. లాగిన్ అవడం, తేమ కొట్టి ధర చూడటం, స్లాట్ బుక్ చేయడం. కాలేజీ ప్రాజెక్టుకు ఈ మూడు దారులు చాలు. హద్దుల తనిఖీ అంతా ఫంక్షన్ టెస్టుల్లోనే జరగాలి. అవి వంద ఉన్నా సాధారణంగా క్షణాల్లో ముగుస్తాయి, బ్రౌజర్ టెస్టు ఒక్కోటి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ప్లేరైట్ తన బ్రౌజర్లను దించుకోవడానికి వందల ఎంబీలు లాగుతుంది. మొబైల్ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లు సెట్టింగుల్లో ఛానల్ దగ్గర క్రోమ్ అని పెడితే ల్యాప్‌టాప్‌లో ఉన్న క్రోమ్‌నే వాడుకుంటుంది. పేజీ నెమ్మదిగా వస్తోందని ‘అయిదు సెకన్లు ఆగు’ అని రాయొద్దు. పేజీ ఆరు సెకన్లు తీసుకున్న రోజు టెస్టు విరుగుతుంది, ఒక సెకనులో వచ్చిన రోజు నాలుగు సెకన్లు దండగ. ‘ధర కనిపించాలి’ అని రాస్తే ప్లేరైట్ మామూలుగా అయిదు సెకన్ల దాకా తనే మళ్లీమళ్లీ చూసుకుంటుంది. పెట్టెను వెతికేటప్పుడు సీఎస్ఎస్ క్లాసు పేరుతో కాకుండా ‘తేమ శాతం’ అనే లేబుల్‌తో వెతకాలి. లేబుల్‌ను పెట్టెకు సరిగా జోడించకపోతే టెస్టుకు అది దొరకదు. స్క్రీన్ రీడర్‌తో చదువుకునే అంధులకూ ఆ పెట్టె దేనికో తెలియదు కాబట్టి, ఆ ఎరుపును తప్పించుకోవద్దు, పేజీనే సరిచేయాలి.

టెస్టులు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతే పరీక్షల సెలవుల తర్వాత వాటిని ఎవరూ నడపరు. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో పబ్లిక్ ప్రాజెక్టులకు యాక్షన్స్ (టెస్టుల లాంటివి వాటంతట అవే నడిచేలా చేసే సేవ) ఉచితం. కోడ్ పంపిన ప్రతిసారీ ‘ఎన్‌పీఎం సీఐ’తో ప్యాకేజీలు పెట్టుకుని టెస్టులు నడిపేలా ఒక చిన్న ఫైలు రాసుకుంటే సరిపోతుంది. దీనికి ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైలును కూడా తప్పకుండా పంపాలి, లేకపోతే మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. అక్కడి మెషిన్లు యూటీసీలో నడుస్తాయి, కాబట్టి ల్యాప్‌టాప్ సమయం మీద ఆధారపడిన తేదీల బగ్గులు కొన్ని అక్కడ బయటపడతాయి. ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది’ అంటూ ఆ ఎరుపును పట్టించుకోకుండా పోవడం మొదలైతే నెల తిరిగేసరికి ఎవరూ దాని వైపు చూడరు. ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా వచ్చే టెస్టును అదే రోజు సరిచేయాలి. చేయలేకపోతే తీసేసి, ఎందుకు తీశారో రాసిపెట్టాలి.

ఎవరైనా బగ్గు చెప్తే ముందు ఆ బగ్గును పట్టుకునే టెస్టు రాసి, ఎర్రగా చూసి, ఆ తర్వాతే కోడ్ ముట్టుకోవాలి. ఇప్పుడు చాలామంది విద్యార్థులు టెస్టులను కూడా ఏఐతో రాయిస్తున్నారు. టైపింగ్ తగ్గుతుంది, కాదనను. కానీ కోడ్ ఇచ్చి టెస్టులు రాయమంటే అది ఆ కోడ్ ఇస్తున్న జవాబునే సరైన జవాబుగా రాసే ప్రమాదం ఉంది. ఖాళీ పెట్టెకు 8,110 వస్తుంటే ‘8,110 రావాలి’ అనే టెస్టు తయారవుతుంది. రావాల్సిన అంకెలు మన కాగితం నుంచే పోవాలి.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ కాలేజీల అధ్యాపకులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. మేజర్ ప్రాజెక్టు రికార్డులో స్క్రీన్‌షాట్లకు కేటాయించే పేజీల్లో రెండింటిని టెస్టుల పట్టికకు ఇవ్వండి. మినీ ప్రాజెక్టు నుంచే టెస్టులకు మార్కులు పెట్టండి. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు విద్యార్థి కోడ్‌లో తమకు నచ్చిన ఒక్క అంకెను, ఉదాహరణకు 12ను 13గా, తమ చేత్తోనే మార్చి టెస్టులు నడపమనాలి. టెస్టులు సరిగ్గా రాసి ఉంటే, 12.1 శాతం తేమకు ‘కొనుగోలు లేదు’ రావాల్సిన చోట దామాషా లెక్కలో 7,777 రూపాయల 49 పైసలు వచ్చిందని తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. అది ఎందుకు అలా వచ్చిందో ఆ అమ్మాయో అబ్బాయో చదివి చెప్పడానికి రెండు నిమిషాలు ఇవ్వండి.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్,
హనుమకొండ